తుప్పు మీద పూత తుప్పుకు మందు కాదు

తుప్పు పట్టిన పాత కారు గురించి బెంగళూరు కాడుగోడిలో ఎవరిని అడిగినా ఒకే సలహా వస్తుంది. గోకడం, కోయడం, వెల్డింగ్ చేయించడం అంతా పాతకాలపు చాదస్తమనీ, ఇప్పుడు తుప్పు మీదే పూసే పెయింట్లు వచ్చాయనీ, ఒక డబ్బా తెచ్చి రెండు కోట్లు వేస్తే తుప్పు అక్కడికక్కడే ఆగిపోతుందనీ అంటారు. టింకరింగ్ షెడ్డులో మేస్త్రీ ఇదే చెబుతాడు. జె.సి. రోడ్డు కొట్లో కౌంటరు వెనకున్నాయనా ఇదే చెబుతాడు. హోప్ ఫారం దగ్గరి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లో తండ్రి వాడిన ఫియట్‌నో, మారుతి 800నో బాగుచేసుకోవాలనుకునే ఉద్యోగి కూడా దీన్నే నమ్మి పని మొదలుపెడతాడు. ఈ నమ్మకం తప్పు. ఆ పెయింట్లు పనికిరానివని నేననడం లేదు, వాటిలో చాలావరకు మంచి సరుకే. కానీ తుప్పును నయం చేసే గుణం ఏ డబ్బాలోనూ లేదు. తుప్పు తీసేశాక మిగిలిన లోహాన్ని కాపాడే గుణమే వాటికి ఉంది. ఈ తేడా మరిచిపోవడం వల్లే జనం అవసరానికి మించిన డబ్బా కొంటున్నారు, పూయకూడని చోట పూస్తున్నారు, మిగిలినదాన్ని దాచకూడని తీరులో దాచి పాడుచేసుకుంటున్నారు. కొనడం, వాడడం, దాచడం అనే మూడు చోట్లా జరిగే పొరపాట్లకు మూలం ఆ ఒక్క నమ్మకమే.

తుప్పంటే ఇనుము మీద పడిన మురికి కాదు. రేకులోని ఇనుమే నీటితో, ప్రాణవాయువుతో కలిసి మరో పదార్థమైంది. అది పోయిన ఇనుముకంటే రెండింతల నుంచి ఆరింతల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పెయింటు కింద బుడిపెలు లేస్తాయి, రెండు రేకులు కలిసే అతుకు దగ్గర లోహం విచ్చుకుంటుంది. ఆ పొర నిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి. వాటిలో తేమ, ఆ తేమలో కరిగిన ఉప్పు నిలిచి ఉంటాయి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో యు.ఆర్. ఈవాన్స్ 1920లలో చేసిన నీటిబొట్టు ప్రయోగం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఉక్కు రేకు మీద ఒక ఉప్పునీటి బొట్టు వేస్తే, గాలి బాగా తగిలే అంచు దగ్గర లోహం క్షేమంగా ఉంటుంది. గాలి అందని నడిమధ్యనే లోహం కరిగిపోతుంది. అంటే దళసరి తుప్పు పొరకు అడుగున, గాలి తక్కువగా చేరే చోటే లోహం ఎక్కువగా పోతూ ఉంటుంది. పైన ఎంత నల్లగా, నున్నగా పూసినా ఆ అడుగుభాగాన్ని బ్రష్షు తాకదు.

పూత పడ్డాక గాలీ నీరూ అందవు కదా, ఇక తుప్పు ఎలా పెరుగుతుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పెయింటు పొర గాజు పలక కాదు. ఎంత మంచి పెయింటైనా నీటి ఆవిరిని కొద్దికొద్దిగా లోపలికి పోనిస్తుంది. పొర కింద శుభ్రమైన లోహం ఉంటే ఆ కొద్ది ఆవిరితో ప్రమాదం లేదు, ఎందుకంటే పెయింటు లోహాన్ని గట్టిగా పట్టుకుని నీరు పోగుపడడానికి చోటివ్వదు. కింద ఉప్పుతో నిండిన తుప్పు ఉన్నప్పుడు సంగతి వేరు. ఉప్పు ఆ ఆవిరిని తన వైపు లాక్కుంటుంది, నీరు చేరుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, పొర పొక్కులా లేస్తుంది. పైగా పెయింటు ఎంత బలంగా అతుక్కున్నా అది అతుక్కున్నది తుప్పుకే. ఆ తుప్పు లోహాన్ని పట్టుకుని లేనప్పుడు రెండూ కలిసి పెచ్చులా ఊడివస్తాయి. చేతిలో ఆ పెచ్చును తిప్పి చూస్తే పైవైపు మెరిసే పెయింటు, కిందివైపు గోధుమరంగు పొడి కనిపిస్తాయి. పెయింటు తన పని తాను చేసిందనీ, దానికి కింద ఆధారమే లేకపోయిందనీ ఆ పెచ్చే చెబుతుంది.

బెంగళూరుకు సముద్రం లేదు, ఇక్కడ తుప్పుకు ఇంత హడావుడి ఎందుకన్నది ఈ నమ్మకానికి తోడబుట్టిన మాట. నగరం సుమారు 900 మీటర్ల ఎత్తున, సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరాన ఉన్నమాట నిజమే. విశాఖతో, కాకినాడతో పోలిస్తే ఇక్కడ రేకు నెమ్మదిగా తినబడుతుంది, దానికీ అభ్యంతరం లేదు. అయితే గాలిలో సాపేక్ష తేమ దాదాపు 60 శాతం దాటితే ఉక్కు తుప్పు పట్టే వేగం ఒక్కసారిగా పెరుగుతుందని తుప్పు పరిశోధకుడు వెర్నన్ గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే చూపించాడు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడి రాత్రులు ఆ గీతను సులువుగా దాటుతాయి. ఇంకో సంగతి ఉంది. కాడుగోడి, వైట్‌ఫీల్డ్ చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు తెచ్చుకున్న పాత కార్లలో కోస్తా ఊళ్ళ నుంచి వచ్చినవీ ఉంటాయి. నెల్లూరు గాలిలో, విశాఖ బీచ్ రోడ్డులో పదేళ్ళు తిరిగిన కారు అతుకుల్లో సముద్రపు ఉప్పును వెంటబెట్టుకునే వస్తుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో తేమ 33 శాతం దాటితే చాలు, నీటిని పీల్చి ద్రవంగా మారుతుంది. మార్చి నెల మధ్యాహ్నపు పొడిగాలి కూడా దాన్ని పూర్తిగా ఆరబెట్టలేకపోవచ్చు. కారు తీరం వదిలినా తీరం కారును వదలదు.

దీనికి మన ఊరి నీరు తోడవుతుంది. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తాగునీటితో కార్లు కడగరాదని జలమండలి నిషేధం పెట్టి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. అది సరైన నిర్ణయమే. కానీ ఆ తర్వాత చాలా ఇళ్ళలో బోరు నీరు, ఇంకా చెప్పాలంటే ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీరు కారు కడగడానికి మంచి ఉపాయంగా స్థిరపడింది. ఆర్‌ఓ వదిలేసే నీటిలో ఉండేది తాగే నీటి నుంచి తీసేసిన లవణాలే. పెయింటు చెక్కుచెదరని కారుకు దానివల్ల మచ్చలు పడతాయి తప్ప పెద్ద నష్టం లేదు. గ్రైండరుతో గోకి లోహం బయటపెట్టిన రేకును ఆ నీటితో కడగడం మాత్రం చేతులారా ఉప్పు పూయడమే. 2022 సెప్టెంబరు వానలకు మహదేవపుర ప్రాంతంలో మునిగిన కార్ల సంగతి ఇంకా క్లిష్టం. అప్పుడు కార్లలో దూరింది వాననీరు ఒక్కటే కాదు, మురుగుతో కలిసిన బురద. డోర్ల కింద ఉండే పెట్టెలాంటి గొట్టాల్లో, వెనక చక్రాల గూళ్ళలో అది ఎండి మిగిలిపోతే, బయటినుంచి ఎన్ని కోట్లు పూసినా తుప్పు లోపలినుంచి పని చేసుకుంటూ వస్తుంది.

ఇక డబ్బాల సంగతికి వద్దాం. అంగట్లో 'తుప్పు పెయింటు' అన్న ఒక్క పేరు కింద మూడు వేర్వేరు సరుకులు దొరుకుతాయి. ఆ మూడింటినీ ఒకటిగా చూడడమే ఈ అపోహకు సగం కారణం. మొదటిది రస్ట్ కన్వర్టర్. అందులో ఉండేది టానిక్ ఆమ్లమో, ఫాస్ఫారిక్ ఆమ్లమో, రెండూనో. పూసిన కాసేపటికి గోధుమరంగు తుప్పు నల్లబడుతుంది. ఆ రంగు మార్పే కొనేవారిని ఒప్పించేస్తుంది. ఆ నలుపు తెలుగువాళ్ళకు కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి కసిమి తీస్తారు. కరక్కాయ రసం పట్టించిన బట్ట మీద కలంతో ఆ కసిమి గీయగానే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్, కసిమిలోని ఇనుము కలిసి ఇనుప టానేట్ ఏర్పడడమే అక్కడ జరిగేది. కన్వర్టర్ డబ్బాలో జరిగేదీ అదే చర్య. అక్కడ బట్టకు కరక్కాయ ఎక్కడ తగిలిందో అక్కడే నలుపు వస్తుంది, తగలని చోట రాదు. ఇక్కడా అంతే. సన్నగా, గట్టిగా అంటుకున్న తుప్పు పొర అయితే ద్రవం అడుగుదాకా దిగి దాన్ని కొంత స్థిరమైన పదార్థంగా మారుస్తుంది. పెచ్చులు కట్టిన దళసరి తుప్పు అయితే పై పొర మాత్రమే నల్లబడుతుంది. ఆ నల్లటి పొర తనకు తానే అడ్డుగోడ అయి మిగిలిన ద్రవాన్ని లోపలికి పోనివ్వదు. నలుపు వచ్చిందంటే చర్య మొదలైందని అర్థం. అది ఎంత లోతుకు పోయిందో ఆ రంగు చెప్పదు.

మ్యూజియంలలో కూడా టానిక్ ఆమ్లం వాడతారుగా అని కొందరు గట్టిగా వాదిస్తారు. వాడతారు. కెనడా కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ ఇనుప వస్తువుల సంరక్షణకు ఇచ్చే సూచనల్లో టానిక్ ఆమ్లపు పూత ఉంది. అయితే అక్కడ కూడా పొడిపొడిగా ఉన్న తుప్పును ముందు తీసేశాకే పూత వేస్తారు, వస్తువును పొడిగాలి ఉండే గదిలో ఉంచుతారు. వానలో తడుస్తూ, గుంతల్లో పడి లేస్తూ, చక్రం విసిరే కంకర దెబ్బలు తింటూ హొసకోటె రోడ్డు మీద తిరిగే రేకుకు ఆ గదిలోని నాగలి కర్రు ఉదాహరణ కాజాలదు. ఢిల్లీ ఇనుప స్తంభం పేరు చెప్పేవారికీ ఇదే జవాబు. ఐఐటీ కాన్పూరులో ఆర్. బాలసుబ్రమణ్యం చేసిన పరిశోధన ప్రకారం ఆ స్తంభాన్ని కాపాడుతున్నది దాని ఇనుములోనే ఉన్న అధిక భాస్వరం. తడవడం, ఆరడం అనే చక్రాలు శతాబ్దాలపాటు సాగుతుండగా లోహానికీ తుప్పుకూ మధ్య ఆ భాస్వరం ఒక ఫాస్ఫేట్ పొరను కట్టింది. కారు రేకులో ఆ భాస్వరం లేదు. పైనుంచి ఫాస్ఫారిక్ ఆమ్లం రాసినంత మాత్రాన రేకు స్తంభం కాదు. పైగా కడగకుండా వదిలేసిన ఆమ్లపు మిగులు తేమను పీల్చి పెయింటు కింద పొక్కులకు కారణమవుతుంది. దాని మీద ఎపాక్సీ ప్రైమరు వేస్తే ఆ ప్రైమరు సరిగా గట్టిపడకపోవచ్చు కూడా.

రెండో రకం, గాలిలోని తేమతో గట్టిపడే యురేథేన్ పెయింటు. 'తుప్పు మీదే పూయండి' అన్న నినాదం ప్రపంచమంతా పాకింది ఈ రకం వల్లనే. అమెరికా సరుకైన పోర్-15 ఇందులో బాగా పేరున్నది. ఆ తయారీదారు చెప్పే పద్ధతినే చూడండి. మొదట జిడ్డు వదిలించే క్లీనరు, తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం, జింకు ఉన్న మెటల్ ప్రెప్, ఆ తర్వాతే పెయింటు. మూడూ కలిపి ఒక కిట్టుగా కూడా అమ్ముతారు. పోగుపడిన పొడి తుప్పును రాల్చేయాలనీ, రేకు పూర్తిగా ఆరాలనీ అదే సూచనల్లో ఉంటుంది. నినాదం ఊరంతా తిరిగింది గానీ సూచనల కాగితం డబ్బాతోపాటే చెత్తబుట్టలో పడింది. మరి ఈ పెయింటు గొప్పతనం ఏమిటంటే, ఎండాక అది చాలా గట్టిపడుతుంది, గరుకు తలాన్ని బాగా పట్టుకుంటుంది, తక్కిన పెయింట్లకంటే తక్కువ ఆవిరిని లోపలికి పోనిస్తుంది. గోకాక గుంటల్లో మిగిలిపోయే సన్నటి తుప్పు జాడలు దీనికి అడ్డం కావు. దాని బలం అంతవరకే, నిజానికి అది చిన్న బలం కాదు. నున్నటి కొత్త రేకు మీద మాత్రం ఆమ్లంతో గరుకు చేయకపోతే ఇది పొరలుపొరలుగా ఊడిపోతుంది. ఎండ సోకితే పాలిపోయి పిండిలా రాలుతుంది, కాబట్టి బయటి భాగాల మీద పై కోటు తప్పనిసరి. దళసరిగా పూస్తే గట్టిపడేటప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువు బుడగలై పొరలో చిక్కుకుంటుంది. వానాకాలపు గాలిలో పై చర్మం త్వరగా గట్టిపడుతుంది కాబట్టి అప్పుడు కోటు ఇంకా పలచగా వేయాలి. ఇందులోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. ఒకసారి శరీరం వాటికి సున్నితమైతే ఆ తర్వాత కొద్ది మోతాదుకే ఉబ్బసం రావచ్చు. గుడ్డ కట్టుకోవడం, కాగితపు మాస్కు పెట్టుకోవడం ఇక్కడ రక్షణ కావు. ఆర్గానిక్ ఆవిరి కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి, గాలి ఆడే చోటు కావాలి. స్ప్రే చేయడం షెడ్డు పని కానే కాదు.

మూడోది మనందరికీ తెలిసిన రెడ్ ఆక్సైడ్. తడి అంతగా తగలని గేట్లకు, గ్రిళ్ళకు అది చాలు, కారు అడుగుభాగానికి చాలదు. జింకు అధికంగా ఉండే ప్రైమర్లనూ తుప్పు మీద పూసి మోసపోతున్నారు. ఆ జింకు రేకును నేరుగా తాకితేనే రేకుకు బదులు తాను అరుగుతుంది. మధ్యలో తుప్పు పొర ఉంటే ఆ విద్యుత్ బంధమే ఉండదు.

ప్రపంచానుభవం ఏమంటున్నదో చూడాలంటే స్కాట్లండులోని ఫోర్త్ రైలు వంతెన చాలు. 1890లో తెరిచిన ఆ ఉక్కు వంతెనకు ఒక కొస నుంచి మరో కొస దాకా పెయింటు వేసేసరికి మొదటి కొస మళ్ళీ వేయాల్సి వస్తుందని లోకోక్తి. 2002 ప్రాంతాన మొదలుపెట్టి 2011 డిసెంబరుకు ముగించిన పనితో ఆ లోకోక్తి చెల్లిపోయింది. చేసింది ఏమిటంటే, శతాబ్దానికి పైగా పేరుకున్న పెయింటునూ తుప్పునూ బ్లాస్టింగ్‌తో లోహం కనిపించేదాకా తీసేసి, గాజు రేణువుల ఎపాక్సీ వ్యవస్థను మూడు పొరలుగా వేశారు. 25 ఏళ్ళు నిలుస్తుందని అంచనా. తుప్పు మీదే పూస్తే సరిపోయే పద్ధతి నిజంగా ఉంటే, అంత ఖర్చుతో అంత పెద్ద వంతెనను లోహం దాకా గోకేవారు కాదు. ఉక్కు తలాన్ని ఏ మేరకు శుభ్రం చేయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8501 ఉంది. పెయింటు డేటా షీట్లు ముందుగా ఆ స్థాయినే అడుగుతాయి. పూతలను వృత్తిగా చేసుకున్నవారంతా తలాన్ని సిద్ధం చేయడంలోనే సగానికి పైగా శ్రమ పెడతారు. మన షెడ్లలో ఆ శ్రమను సున్నా చేసి, భారమంతా డబ్బా మీద పెట్టారు.

"మేం పూశాం, నాలుగేళ్ళుగా బాగానే ఉంది" అన్నది మేస్త్రీల దగ్గర అన్నిటికంటే బలమైన ఆధారం. అనుభవాన్ని నేను తోసిపుచ్చను. ఏం చూసి బాగుందన్నారన్నదే నా ప్రశ్న. అంబాసిడర్, ఫియట్, మారుతి 800 మూడూ విడి చాసీ లేని బండ్లు, రేకు పెట్టెలే వాటి ఎముకలు. డోర్ల కింది గొట్టం, ఫ్లోరు, వెనక స్ప్రింగు బిగించే చోటు బలంగా ఉన్నంతవరకే ఆ కారు కారు. ఇవన్నీ లోపలివైపు నుంచి కుళ్ళుతాయి. బయట పూసిన నల్లటి చర్మం ఏళ్ళ తరబడి నున్నగా కనబడడం సాధ్యమే. అది నివురు గప్పిన నిప్పు. రిపేరు నిలిచిందో లేదో తెలియాలంటే స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడాలి, కార్పెట్టు ఎత్తి చూడాలి. ఆ పరీక్ష చేయకుండా ఇచ్చే నాలుగేళ్ళ హామీ రంగుకు మాత్రమే వర్తిస్తుంది. దీనికి తోడు, కుళ్ళిన రేకు కోయకుండా దాని మీద కొత్త రేకు ముక్క రివెట్ చేసి, చుట్టూ పుట్టీ పెట్టి, పైన తుప్పు పెయింటు వేసే అలవాటొకటి ఉంది. రెండు రేకుల నడుమ మిగిలే సన్నటి సందు తేమకు ఇల్లవుతుంది, పుట్టీ నీటిని పీల్చుకుని అక్కడే పట్టి ఉంచుతుంది. కుళ్ళు కోసి, అంచుకు అంచు కలిపి వెల్డింగ్ చేయడం కష్టమే. అయినా అది ఒకసారి చేస్తే తీరే పని. అతుకు మీద అతుకు వేయడం రెండేళ్ళకోసారి మళ్ళీ చేసే పని.

మొత్తం శుభ్రం చేయడం సాధ్యం కాదు కదా, మూసి ఉన్న గొట్టాల్లోకి వైర్ బ్రష్షు ఎలా పోతుందని అడిగేవారికి నా దగ్గర పూర్తి అంగీకారం ఉంది. అక్కడ నా వాదన ఇంకా బలపడుతుంది కూడా. బ్రష్షు చేరని చోట గట్టి పెయింటు పనికిరాదు. అక్కడ ఎప్పటికీ పూర్తిగా ఎండకుండా పాకుతూ పోయే మైనపు, నూనె ద్రవాలు కావాలి. వాటిని గొట్టం గుండా లోపలికి చిమ్ముతారు. అవి తుప్పు రంధ్రాల్లోకి దిగి తేమను బయటికి నెడతాయి. ప్రతి వానాకాలానికి ముందు మళ్ళీ వేయాలి. కింది నీరు కారే రంధ్రాలను మాత్రం అడ్డుకోకూడదు. ఇసుక చిమ్మితే పలచని రేకు వంకర పోతుందన్న అభ్యంతరమూ నిజమే. బానెట్టు, డోరు లాంటి వెడల్పు రేకుల మీద ఆ పని చేయకూడదు, ఆ ఇసుక ధూళి పనివారికి సిలికోసిస్ తెచ్చిపెడుతుంది కూడా. అలాంటి చోట వైర్ కప్పు, ఎమరీ పేపరు, జెల్‌లా ఉండే ఆమ్లం ఉన్నాయి. ఊడదీయగల భాగాలకైతే వాషింగ్ సోడా నీటిలో ముంచి, బ్యాటరీ ఛార్జరుతో సన్నని కరెంటు పంపే పద్ధతి ఉంది. హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి అది ఆరుబయట చేయాలి. నిప్పు దగ్గర ఉండకూడదు. స్టెయిన్‌లెస్ ముక్కను రెండో కొసగా పెట్టకూడదు. పాత పెయింటు గోకేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. ఇళ్ళకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటరాదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది గానీ, అది వాహనాల పెయింటుకు వర్తించదు. పాత కారు మీది ధూళిలో సీసం, పాత ప్రైమరులోని క్రోమేటు ఉన్నాయనుకునే పని చేయాలి. తడిపి రుద్దాలి, పిల్లలు ఆడే బేస్‌మెంట్లో ఆ పని పెట్టుకోకూడదు.

ఇంత శ్రమ పడ్డాక పెయింటు ఎంత కావాలో లెక్క దానంతటదే మారుతుంది. తుప్పును తినే పదార్థమని నమ్మినవాడు పెద్ద డబ్బా కొంటాడు. శుభ్రమైన రేకు మీద రెండు పలచని కోట్లు చాలని తెలిసినవాడు పావు లీటరు డబ్బాలు రెండు కొంటాడు. లీటరు ధర చూసుకుంటే చిన్న డబ్బా ఖరీదెక్కువగా కనబడుతుంది. సగం వాడి సగం గడ్డకట్టించుకునే పెద్ద డబ్బాకంటే అది చౌక. డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం ఉండాలనీ, విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరూ చిరునామా ఉండాలనీ 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ చీటీ లేని విదేశీ డబ్బా ఎంత చవగ్గా ఇచ్చినా కొనకూడదు, ఎందుకంటే ఈ రకం పెయింటుకు వయసే ప్రాణం. డబ్బా పైకప్పు ఉబ్బి ఉంటే లోపల చర్య మొదలైనట్టే, తిరిగి ఇచ్చేయాలి. డేటా షీటు చూపించమని కొట్టువాణ్ణి అడగడం మొహమాటపడాల్సిన పనేమీ కాదు.

దాచే విషయంలో అపోహ మరీ స్పష్టంగా బయటపడుతుంది. తేమతో గట్టిపడే పెయింటుకు డబ్బా మూత తీసిన క్షణం నుంచే గట్టిపడడం మొదలవుతుంది. అయినా జనం బ్రష్షును నేరుగా డబ్బాలో ముంచుతారు, పని అయ్యాక మిగిలిన చుక్కలు తిరిగి అందులోనే పోస్తారు, గిలకొట్టి కలుపుతారు. తేమ డబ్బాలోకి పోయేది ఈ మూడు దారుల్లోనే. మెల్లగా పుల్లతో కలిపి, కావలసినంత వేరే గిన్నెలోకి వంచుకుని, వెంటనే మూత వేయాలి. డబ్బా అంచు గాడిని థిన్నరు గుడ్డతో తుడవకపోతే మూత అతుక్కుపోయి మళ్ళీ రాదు. మూతకూ డబ్బాకూ మధ్య ఒక ప్లాస్టిక్ కాగితం వేస్తే ఆ బాధ తప్పుతుంది. జులైలో ముసురు పట్టిన రోజున డబ్బా తెరవకుండా ఉండగలిగితే మంచిది. తెరిచి దాచిన డబ్బాను మళ్ళీ తీసేటప్పుడు లోపల వాయువు ఒత్తిడి ఉండవచ్చు, మొహం పక్కకు పెట్టి నిదానంగా తీయాలి. చిక్కబడినదాన్ని థిన్నరు పోసి పలచన చేస్తే పెయింటులా కనిపిస్తుంది గానీ పెయింటులా పనిచేయదు. కన్వర్టర్ సీసాకు ఇదే సూత్రం వేరే కారణంతో వర్తిస్తుంది. తుప్పు తాకిన బ్రష్షు అందులో పడితే ఇనుము సీసాలోకి చేరి, సీసాలో ఉన్నదంతా క్రమంగా నల్లబడి పాడవుతుంది. దాన్ని రేకు డబ్బాలో పోయకూడదు, ప్లాస్టిక్ సీసాలోనే ఉంచాలి. ఎపాక్సీ రెండు భాగాలను విడివిడిగా, గట్టి మూతలతో ఉంచాలి. సిమెంటు రేకుల షెడ్డులో ఏప్రిల్ ఎండకు ఇవేవీ క్షేమంగా ఉండవు. ఇంట్లో చల్లగా ఉండే చోటు, స్టవ్వుకూ పిల్లలకూ దూరంగా చూసుకోవాలి. ఖాళీ డబ్బాలను 2016 ఘన వ్యర్థాల నిబంధనలు గృహ ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చాయి. మిగిలిన పెయింటును మోరీలో పోయకుండా, డబ్బాలోనే గడ్డకట్టనిచ్చి విడిగా ఇవ్వాలి.

చివరి అభ్యంతరం డబ్బుది, నా దృష్టిలో అన్నిటికంటే గౌరవించదగినదీ అదే. రోజూ తిప్పే మారుతి వెల ఎంత, దానికి కోత, వెల్డింగ్, ఎపాక్సీ చేయించడానికి అయ్యేదెంత? కారు ఇంకో మూడేళ్ళు నడిస్తే చాలనుకునేవారికి పూర్తి పునరుద్ధరణ చేయించమని నేను చెప్పను. వారికి ఖరీదైన విదేశీ డబ్బా కూడా అక్కర్లేదు. వదులు తుప్పు రాల్చి, బురద కడిగి, ఆరబెట్టి, ఏటా మే నెలలో మైనపు ద్రవమో, నూనెతో చేసిన అండర్‌బాడీ పూతో వేయించుకుంటే సరిపోతుంది. అందులో దాపరికం లేదు, తుప్పు ఎంత పెరిగిందో ప్రతిసారీ కంటికి కనిపిస్తుంది. ఎటొచ్చీ స్ప్రింగు బిగించే చోటు, సీటు బెల్టు బిగించే చోటు కుళ్ళితే మాత్రం ఏ పూతా వద్దు, అక్కడ వెల్డింగ్ తప్పదు. కారును తరతరాలకు నిలుపుకోవాలనుకునేవారి లెక్క వేరు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన వాహనం వింటేజ్ హోదాకు అర్హం. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. అయితే చాసీ, బాడీ షెల్, ఇంజన్లను మార్చేసిన వాహనానికి ఆ హోదా రాదు. 1970లలో అమ్ముడైన ఫియట్లు, అంబాసిడర్లు ఒక్కొక్కటిగా ఆ వయసుకు వస్తున్నాయి. అసలు షెల్ మిగిలి ఉండడం మీదే వాటి విలువంతా ఆధారపడి ఉంది. ఈ ఏడు ఫ్లోరు కింద అరచేతి మేర కుళ్ళు కోసి అతుకు వేయించడానికి మనసొప్పక నల్లటి పూతతో కప్పిన యజమానికి, పదేళ్ళ తర్వాత కోయడానికి గట్టి అంచు కూడా దొరకదు. వెల్డింగ్ చేసే మేస్త్రీకి మంచి లోహం కావాలి. అది మిగిలి ఉన్నప్పుడే కారును అతని దగ్గరికి తీసుకుపోవాలి.